600 డాలర్ల లోపు సెమీ ఆటోమేటిక్ రైఫిల్: రేంజ్‌లో టార్గెట్ కాల్చడానికి ఏది మంచిది?

ఫ్రిస్కో_శ్రీను
గ్రీన్ కార్డు ఈ మధ్యే వచ్చింది. మా టీమ్‌లో ఒకాయన రేంజ్‌కి తీసుకెళ్తే కాగితం టార్గెట్ మీద కాల్చాను. చాలా నచ్చింది. వేట మీద ఆసక్తి లేదు, ఇంటి కాపలాకీ కాదు. శనివారం పొద్దున వెళ్లి, 25 నుంచి 100 గజాల దూరంలో ప్రశాంతంగా టార్గెట్ కాల్చుకుని ఇంటికొచ్చేయాలి, అంతే.

బడ్జెట్ అన్నీ కలిపి 600 డాలర్లు. షాపుకెళ్తే కౌంటర్ దగ్గరి అబ్బాయి తిన్నగా ఏఆర్-15 తీసి చేతిలో పెట్టాడు. దానికి రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే సైటు), ఇంకో రెండు మ్యాగజైన్లు, బ్యాగు, బుల్లెట్లు అంటూ లెక్క 1,200 దాటించాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, పెద్దాడికి పదేళ్లు. మా ఆవిడ సరే అంది గానీ తాళం సంగతి ముందు తేల్చమంది. సెమీ ఆటోలో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కే రకం) ఏది తీసుకుంటే బాగుంటుంది? నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి.

గోదారోడు
రూగర్ 10/22. షాపుకెళ్లి అదివ్వమను, తెచ్చేసుకో.

కడప_కుర్రోడు
గోదారోడా, కారణం చెప్పకుండా తీర్పు చెప్తే ఎట్లబ్బా?

గోదారోడు
కారణాలన్నీ పెద్దాయన వచ్చి చెప్తాడు చూడు. ఆయనకి టైపింగ్ ఓపికెక్కువ.

ప్లేనో_పెద్దాయన
వచ్చాను. శ్రీనూ, రైఫిల్ ధర తర్వాత చూద్దాం, ముందు బుల్లెట్ ధర చూడు. ఏఆర్-15 కాల్చేది .223 లేదా 5.56. చవక రకం కూడా ఒక్కోటి 45-50 సెంట్లు పడుతుంది. .22 ఎల్ఆర్ అయితే 8-10 సెంట్లు. ఒక పూట తీరిగ్గా కాలిస్తే 200 ఇట్టే అయిపోతాయి. అంటే .22తో ఇరవై డాలర్లలో అయ్యే పని, ఏఆర్‌తో వంద డాలర్లు. రేంజ్ ఫీజు ఎలాగూ రెండింటికీ ఉంటుంది. నెలకి రెండుసార్లు వెళ్లావనుకో, ఏడాది తిరిగేసరికి బుల్లెట్ల తేడాతోనే ఇంకో ఐదారు .22 రైఫిళ్లు వచ్చేస్తాయి.

రెండో సంగతి, .22 తన్నదు, చప్పుడు తక్కువ. కొత్తవాళ్లలో చాలామందికి ట్రిగ్గర్ నొక్కే ముందు భుజం బిగుసుకుంటుంది, కళ్లు మూసుకుపోతాయి. ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే వదిలించుకోవడం కష్టం. .22తో మొదలుపెడితే అసలు పట్టదు.

మూడోది గోదారోడు చెప్పిన రైఫిల్ గురించి. 10/22 వచ్చింది 1964లో. అరవై ఏళ్లుగా పెద్దగా మార్పు లేకుండా చేస్తున్నారు. 18.5 అంగుళాల బ్యారెల్, బరువు 5 పౌండ్లు. పది రౌండ్లు (బుల్లెట్లు) పట్టే గుండ్రటి మ్యాగజైన్ కింద పూర్తిగా లోపలికి కూర్చుంటుంది, బయటికి పొడుచుకురాదు. పైన స్కోప్ బిగించడానికి బేస్ కూడా డబ్బాలోనే ఇస్తారు. మామూలు మోడల్ 300 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. ఏ ముక్క పాడైనా, ఏది మార్చాలన్నా దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది.

కడప_కుర్రోడు
పెద్దాయన లెక్క తప్పని అనను. కానీ శ్రీను మనసు ఏఆర్ మీద ఉంటే ఇప్పుడు .22 కొని, ఆర్నెల్లకి మళ్లీ ఏఆర్ కొంటాడు. రెండు ఖర్చులు. నేను మొదలే ఏఆర్ తీసుకున్నా, మామూలు రకం, 600 లోపే వచ్చింది. వంద గజాల దగ్గర .223 గీత గీసినట్టు పోతుంది. అదే .22 అయితే గాలి కొంచెం వీచినా పక్కకి జరుగుతుంది. 50 గజాలకి సెట్ చేసుకుంటే 100 దగ్గరికి వచ్చేసరికి ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది. ఆయన అడిగింది 100 గజాలు కదప్పా!

ప్లేనో_పెద్దాయన
కుర్రోడా, ఆ ఆరేడు అంగుళాలే కదయ్యా నేర్పేది! గాలి ఎటు వీస్తోంది, దూరం పెరిగితే ఎంత పైకి పట్టాలి అని లెక్కలేయడం .22తో 100 గజాల్లోనే వచ్చేస్తుంది. అదే .223తో నేర్చుకోవాలంటే 300, 400 గజాల రేంజ్ కావాలి. డల్లాస్ చుట్టూ ఇండోర్ రేంజులు చాలామటుకు 25 గజాలే, కొన్నిచోట్ల 50, 100 ఉంటాయి. 25 గజాల దగ్గర ఏఆర్‌తో కాగితానికి బొక్కలు పెట్టడానికి ఒక్కోటి అర డాలరా?

ఫ్రిస్కో_శ్రీను
నేను వెళ్లేది ఇండోరే, ఎక్కువగా 25 గజాల లేన్. ఈ లెక్క ఆ షాపులో ఎవరూ చెప్పలేదు. కానీ కడప బ్రదర్ అన్నట్టు చూడ్డానికి, పట్టుకోవడానికి ఏఆర్ బాగుంది, అబద్ధం చెప్పను.

చికాగో_చారి
అయితే మధ్యలో ఒక దారుంది. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల ఎం అండ్ పీ 15-22. ఆకారమంతా ఏఆరే. సేఫ్టీ, మ్యాగజైన్ వదిలే బటన్, బోల్ట్‌ని (రౌండ్‌ని లోపలికి తోసి మూసే ముక్క) వెనక ఆపే మీట, అన్నీ అవే జాగాల్లో ఉంటాయి. కాల్చేది మాత్రం .22. బాడీ పాలిమర్ కాబట్టి తేలిక. 25 రౌండ్ల మ్యాగజైన్ వస్తుంది. 400-450లో దొరుకుతుంది. స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) ముందుకి వెనక్కి జరుగుతుంది కాబట్టి మీ ఆవిడ కాల్చినా సరిపోతుంది. రేపు ఏఆర్ కొన్నా చేతులకి కొత్త అనిపించదు.

ఇంకోటి. 15-22లో ఆఖరి రౌండ్ అయిపోగానే బోల్ట్ వెనకే ఆగిపోతుంది, ఖాళీ అయిందని కంటికి కనిపిస్తుంది. మామూలు 10/22లో అలా ఆగదు, ముందుకొచ్చి మూసుకుంటుంది. కొత్తవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

గోదారోడు
చారి గారు చెప్పింది నిజం. 10/22 వాడేవాళ్లు ఎన్ని కాల్చామో లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. మ్యాగజైన్ తీసేశాక బోల్ట్ వెనక్కి లాగి, లోపలికి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి మరీ నిర్ధారించుకోవాలి. బోల్ట్ ఆగే రైఫిల్ అయినా ఇది మానకూడదు.

పాలమూరు_పోరడు
అన్నా, నాది హెచ్1బీ. కొనుడు గాదు, ఊకె రేంజ్‌కి పోయి కిరాయికి తీస్కొని కాలుద్దమనుకుంటున్న. గదేం పర్వాలేదు గదా?

న్యూజెర్సీ_నాని
ఆగు తమ్ముడూ. దీనికి మాత్రం ఎవరూ తేలిగ్గా "పర్లేదు" అని రాయకండి.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ కానీ బుల్లెట్లు కానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, బీ2, అన్నీ ఇందులోకే వస్తాయి. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో కిరాయికి తీసుకుని చేతిలో పట్టుకోవడం కూడా అదే లెక్క. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా ముట్టుకోవద్దు.

పాలమూరు_పోరడు
మా రూమ్‌మేట్లు అందరు పోయిండ్రన్నా. ఒక కాయితం మీద సంతకం పెట్టిచ్చుకొని గన్ను ఇచ్చిండ్రట. ఎవ్వడు ఏం అడగలే.

న్యూజెర్సీ_నాని
ఆ కాగితంలో ఏముందో చదవమను. చాలా రేంజుల ఫారాల్లో "చట్టప్రకారం నాకు తుపాకీ పట్టుకునే అర్హత ఉంది" అనే లైను ఉంటుంది. కింద మన సంతకం. కౌంటర్లో కుర్రాడు వీసా అడగలేదంటే దాని అర్థం చట్టం ఒప్పుకుందని కాదు. తుపాకీ కేసు ఇమ్మిగ్రేషన్ చట్టంలో మామూలు ట్రాఫిక్ టికెట్ లాంటిది కాదు, శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కావచ్చు. పదేళ్లు క్యూలో నిలబడి, ఒక శనివారం సరదా కోసం అంతా పోగొట్టుకోవాలా? నీ రాష్ట్రంలో వేట లైసెన్సు నియమాలు చూసుకో, ఇమ్మిగ్రేషన్ లాయరుని ఒక మాట అడుగు, ఆ తర్వాతే వెళ్లు.

పాలమూరు_పోరడు
సమజైందన్నా. లాయర్‌ని అడిగినంకనే పోత. మావోళ్లకి గూడ చెప్త.

ఆస్టిన్_అరుణ
నాని గారు చెప్పినదానికి ఇంకో మాట కలుపుతున్నా. ఎండాకాలం మన అమ్మానాన్నలు వస్తారు కదా, విజిటర్ వీసా మీద. "నాన్నగారికి సరదాగా ఒకసారి కాల్పిద్దాం" అని రేంజ్‌కి తీసుకెళ్లి ఫోటోలు పెట్టేవాళ్లని చూస్తుంటాను. అది కూడా ఇదే కిందకి వస్తుంది. శ్రీను గారూ, మీ చేత్తో మీరే నాన్నగారి చేతికి ఇచ్చినవారవుతారు. దయచేసి చేయకండి.

న్యూజెర్సీ_నాని
కరెక్ట్. అలాగే హెచ్1బీ స్నేహితుడు డబ్బులిస్తే అతని కోసం నువ్వు కొనిపెట్టడం అసలు కుదరదు. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అదొక ఫెడరల్ నేరం.

ఫ్రిస్కో_శ్రీను
నాన్నగారి సంగతి మంచి టైములో చెప్పారు, మేలో వస్తున్నారు. ఇంతకీ గ్రీన్ కార్డుతో కొనడానికి నేనేం పట్టుకెళ్లాలి?

ప్లేనో_పెద్దాయన
డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్ కార్డు. లైసెన్సు మీద ఇప్పుడుంటున్న అడ్రసే ఉండాలి. ఇల్లు మారి అడ్రసు మార్చుకోకపోతే, ప్రభుత్వం ఇచ్చిన ఇంకో కాగితం, కారు రిజిస్ట్రేషన్ లాంటిది, కొత్త అడ్రసుతో చూపించాలి. రైఫిల్‌కి 18 ఏళ్లు నిండితే చాలు. ఫారం నింపాక షాపువాళ్లు అక్కడే బ్యాక్‌గ్రౌండ్ చెక్ పంపిస్తారు. చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కోసారి 'డిలే' అని వస్తుంది. కంగారు పడకు, మన పేర్లు, ఇనిషియళ్లు ఎవరితోనో కలిసినా వస్తుంది. మూడు పనిదినాలు ఆగాలి.

ఇంకో సంగతి, గంజాయి గురించి కూడా ఆ ఫారంలో అడుగుతారు. పక్క రాష్ట్రంలో షాపు పెట్టి అమ్ముతున్నారు కదా అనుకోవద్దు, ఫెడరల్ చట్టంలో అది చెల్లదు.

బెల్‌వ్యూ_బుజ్జి
ఇదంతా టెక్సాస్ సుఖం. మా వాషింగ్టన్ రాష్ట్రంలో అమాయకమైన 10/22 కూడా చట్టం దృష్టిలో 'సెమీ ఆటోమేటిక్ అసాల్ట్ రైఫిల్' కిందే లెక్క. 2018లో ఓట్లేసి పెట్టిన చట్టం అది. 21 ఏళ్లు నిండాలి, భద్రతా శిక్షణ తీసుకున్నట్టు కాగితం చూపించాలి, తర్వాత పది పనిదినాలు ఆగాలి. 2022 నుంచి పది రౌండ్లకి మించిన మ్యాగజైన్ అమ్మకూడదు. 2023లో ఏఆర్ అమ్మకాలే ఆపేశారు. కాబట్టి ఇక్కడివాళ్లు పైన చదివింది చదివినట్టు పాటించకండి.

చికాగో_చారి
మా ఇల్లినాయిలో అయితే మొదలు ఎఫ్ఓఐడీ కార్డు (రాష్ట్రం ఇచ్చే తుపాకీ గుర్తింపు కార్డు) తీసుకోవాలి. అది లేకుండా బుల్లెట్ల డబ్బా కూడా అమ్మరు. న్యూజెర్సీలోనూ ముందు కార్డు కావాలి కదా నానీ?

న్యూజెర్సీ_నాని
అవును, పోలీస్ స్టేషన్ ద్వారా అప్లై చేసుకుని ఐడీ కార్డు తెచ్చుకోవాలి. మ్యాగజైన్ ఇక్కడా పదే. ఎవరి రాష్ట్రం నియమం వాళ్లు చూసుకోవాలి, వాట్సాప్ గ్రూపులో విని కొనకూడదు.

ఎన్‌సీసీ_సునీత
అందరూ సెమీ ఆటో ఖాయమైపోయినట్టు మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో కాల్చాం. బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి రౌండ్‌కీ బోల్ట్ చేత్తో లాగాలి. పడుకుని, మోచేతులు నేలకి ఆనించి, ఒక్కో రౌండ్ పెట్టుకుని, బోల్ట్ మూసి, ఊపిరి సగం వదిలి ఆపి, అప్పుడు ట్రిగ్గర్. మాకిచ్చేది లెక్కపెట్టిన రౌండ్లే, అందుకని ప్రతి రౌండూ దేవుడికిచ్చినంత శ్రద్ధగా కాల్చేవాళ్లం. కొత్తవాళ్ల చేతికి సెమీ ఆటో ఇస్తే పది రౌండ్లు పది సెకన్లలో ఊదేస్తారు. టార్గెట్ చూస్తే జల్లెడ. ఎక్కడ తప్పు జరిగిందో ఏం తెలుస్తుంది?

నా మాట వింటే బోల్ట్ యాక్షన్ తీసుకోండి. సావేజ్ మార్క్ 2 ఉంది, రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ ఉంది. రెండోదానికి 10/22 మ్యాగజైన్లే పడతాయి, రేపు 10/22 కొన్నా అవే వాడుకోవచ్చు. ఆ ధర రైఫిళ్లలో గురి కూడా బోల్ట్ యాక్షన్‌దే బాగుంటుంది.

గోదారోడు
సునీత గారు వచ్చి సభని సావధాన్‌లో నిలబెట్టేశారు!

ఎన్‌సీసీ_సునీత
విశ్రామ్ చెప్పేదాకా అలాగే ఉండండి.

ప్లేనో_పెద్దాయన
అమ్మా సునీతా, నువ్వు చెప్పిన క్రమశిక్షణకి దండం పెడతాను. గురి సంగతీ నిజమే. కానీ ఆ క్రమశిక్షణ రైఫిల్ నేర్పలేదు, మీ హవల్దార్ నేర్పాడు. సెమీ ఆటోలో కూడా మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టి కాల్చొచ్చు. కొత్తవాళ్లకి నేను అదే చెప్తాను: ఒకటి కాల్చు, దించు, ఊపిరి పీల్చుకో, మళ్లీ ఒకటి పెట్టు. చేయి కుదురుకున్నాక ఐదు పెట్టుకో. సెమీ ఆటోతో లాభమేమిటంటే, బోల్ట్ లాగడానికి చేయి కదలదు కాబట్టి ఒక భంగిమలో కుదురుకుని వరసగా ఐదు కాల్చి, ఐదూ ఒకచోటే పడ్డాయా లేదా అని చూసుకోవచ్చు. భంగిమ తప్పితే కాగితం మీద వెంటనే తెలిసిపోతుంది.

ఎన్‌సీసీ_సునీత
ఒక్కో రౌండ్ పెట్టుకునే ఓపిక వందమందిలో ఎంతమందికి ఉంటుందండీ? బోల్ట్ యాక్షన్ అయితే ఓపిక లేకపోయినా ఆగాల్సిందే. నా అభిప్రాయం మారలేదు. కానీ ఆయన సెమీ ఆటోనే కొంటానంటే, కనీసం ఎవరి దగ్గరైనా నేర్చుకోమనండి. యూట్యూబ్ చూసి కాదు.

ప్లేనో_పెద్దాయన
దీనికి మాత్రం నూటికి నూరు ఒప్పుకుంటాను. శ్రీనూ, 'ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్' అని ఉంది, దేశమంతా వారాంతాల్లో శిబిరాలు పెడతారు. నేర్పేవాళ్లు స్వచ్ఛందంగా వస్తారు. మామూలుగా రెండు రోజులు, 25 మీటర్ల దగ్గర, ఎక్కువమంది తెచ్చేది .22లే. నిలబడి, కూర్చుని, పడుకుని, మూడు భంగిమలూ నేర్పిస్తారు. చివర్లో 40 రౌండ్ల పరీక్ష, మొత్తం 250 మార్కులు. 210 వస్తే 'రైఫిల్‌మ్యాన్' అని చిన్న గుడ్డ బ్యాడ్జి ఇస్తారు. ఆ గుడ్డ కోసం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లని చూశాను. అక్కడ చూడు, ఎటు తిరిగినా 10/22లే. దానికో పటకా (స్లింగ్) బిగించి, చేతికి చుట్టుకుని కాల్చడం నేర్పిస్తారు. పటకా వాడకం వచ్చాక గుంపు (టార్గెట్ మీద బుల్లెట్లన్నీ పడ్డ జాగా) సగానికి సగం చిన్నదవుతుంది.

కడప_కుర్రోడు
యాపిల్‌సీడ్ నేనూ పోయినా. నా ఏఆర్ తీసుకునే పోయినా. రెండు రోజులకి బుల్లెట్ల బిల్లు చూసినంక పెద్దాయన మాట గుర్తొస్తాది అనుకోండి. అయినా నా ఏఆర్ నాకు ముద్దు.

చికాగో_చారి
డబ్బు ఇంకా తక్కువ పెట్టాలనుకునేవాళ్లకి ఒకటి: పాత మార్లిన్ మోడల్ 60. 1960లో మొదలైన రైఫిల్. బ్యారెల్ కింద గొట్టంలో 14 రౌండ్లు నింపుకోవాలి. 2020లో మార్లిన్‌ని రూగర్ కొనేసింది, ఆ తర్వాత కొత్త మోడల్ 60లు రావట్లేదు. కాబట్టి సెకండ్ హ్యాండే. మంచిది దొరికితే 150-200లో వచ్చేస్తుంది, గురి చాలా బాగుంటుంది. గొట్టం ఖాళీ చేశాక కూడా లోపల ఒక రౌండ్ మిగిలి ఉండొచ్చు, బోల్ట్ రెండు మూడుసార్లు లాగి చూడాలి. పిల్లలున్న ఇంటికి, మొదటి రైఫిల్‌గా నేనైతే దీన్ని చెప్పను, మ్యాగజైన్ ఊడొచ్చే రకమే మేలు.

ఫ్రిస్కో_శ్రీను
సావేజ్ ఏ22 గురించి ఎవరైనా చెప్తారా? షాపులో 10/22 పక్కనే ఉంది.

బెల్‌వ్యూ_బుజ్జి
మా తమ్ముడి దగ్గరుంది. ట్రిగ్గర్ దాని బలం. యాక్యూట్రిగ్గర్ అంటారు, ఎంత గట్టిగా ఉండాలో మనమే సవరించుకోవచ్చు. మామూలు 10/22 ట్రిగ్గర్ కొంచెం బరువు, చాలామంది తర్వాత 80-90 డాలర్లు పెట్టి మార్చుకుంటారు. కానీ ఏ22కి విడిభాగాలు, మ్యాగజైన్లు 10/22 అంత విరివిగా దొరకవు. ఉన్నదున్నట్టు వాడుకునేవాడికి ఏ22, విప్పి కెలికేవాడికి 10/22.

ఆస్టిన్_అరుణ
రైఫిల్ మోడల్ గురించి ఇంత రాశారు, ఆయన మొదట అడిగిన తాళం దగ్గరికి ఎవరూ రాలేదు. నేను రాస్తాను.

టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేసి, అది వాళ్ల చేతిలో పడితే నేరం. చట్టం సంగతి పక్కన పెట్టండి, పదేళ్ల పిల్లాడికి ఇంట్లో తెలియని మూల ఉండదు. బీరువా పైన పెట్టి దుప్పటి కప్పడం, అల్మరా వెనక నిలబెట్టడం, ఇవేవీ దాచడం కాదు. గోడకో నేలకో బోల్టులు వేసి బిగించిన ఇనప పెట్టె కావాలి. ఒకటి రెండు రైఫిళ్లు పట్టేది వంద, నూట యాభైలో వస్తుంది. రూగర్ డబ్బాలో ఒక తాళం ఇస్తారు, అది పెట్టెలో ఉన్న రైఫిల్‌కి కూడా వేయండి. బుల్లెట్లు ఇంకో పెట్టెలో, ఇంకో తాళంతో. నంబర్ తాళమైతే పిల్లాడి పుట్టినరోజు పెట్టకండి, వాళ్లు మొట్టమొదట ప్రయత్నించేది అదే.

పిల్లాడికి దాచిపెట్టడం కంటే చెప్పడం మంచిది. ఇది బొమ్మ కాదు, స్నేహితుల ఇంట్లో కనిపించినా ముట్టుకోకు, వెంటనే పెద్దవాళ్లని పిలువు అని మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఇంకొక మాట. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేని రోజులు వస్తాయి. ఉద్యోగం పోవచ్చు, టీనేజ్ పిల్లలకి చదువు ఒత్తిడి ఉండొచ్చు. అలాంటప్పుడు కొన్నాళ్లు రైఫిల్ ఇంట్లో లేకుండా చూసుకోండి. కొన్ని తుపాకీ షాపులు, రేంజులు డబ్బులు తీసుకుని భద్రపరుస్తాయి. ఇది అపశకునంలా అనుకోకండి, నిప్పు రాకముందే నీళ్లు పెట్టుకోవడం.

ఎన్‌సీసీ_సునీత
అరుణ గారి పోస్టు దీనికి పైన అతికించి పెట్టాలి.

ఫ్రిస్కో_శ్రీను
మా ఆవిడకి చూపించాను అరుణ గారూ. "ఈవిడ చెప్పినట్టు చేస్తేనే కొను" అంది. పెట్టె ముందు, రైఫిల్ తర్వాత.

ఆస్టిన్_అరుణ
సంతోషం. ఇంకోటి మర్చిపోయాను, సీసం. .22 బుల్లెట్లు ఎక్కువగా సీసంవే, ప్రైమర్‌లో (బుల్లెట్‌ని పేల్చే మందు) కూడా ఉంటుంది. ఇండోర్ రేంజ్‌లో ఆ పొడి చేతుల మీద, బట్టల మీద, జుట్టులో పడుతుంది. అక్కడ ఏమీ తినకండి, తాగకండి. బయటికి రాగానే సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు, మొహం కడుక్కోండి. చెప్పులు గుమ్మం బయటే విడవడం మనకి ఎలాగూ అలవాటే. బట్టలు మార్చి విడిగా ఉతకండి, ఆ తర్వాతే చిన్నదాన్ని ఎత్తుకోండి.

గోదారోడు
రేంజ్ నుంచి వస్తే మా అమ్మమ్మ మడి అన్నమాట. పద్ధతి మాత్రం సరైనది.

కడప_కుర్రోడు
చెవులకి మామూలు మఫ్‌లు చాలా బాబాయ్? ఇండోర్‌లో పక్క లేన్లో ఎవడో పెద్ద క్యాలిబర్ కాలిస్తే గుండె అదురుతాది.

ప్లేనో_పెద్దాయన
లోపల ఫోమ్ ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోవాలి. నీది .22 అయినా పక్కవాడిది కాదు కదా. కళ్లద్దాలు తప్పనిసరి, .22 ఖాళీ షెల్ ఎగిరి మొహం మీద పడుతుంది. కాలర్ మూసి ఉన్న చొక్కా వేసుకో, వేడి షెల్ లోపల పడితే చేతిలో రైఫిల్‌తో గెంతుతావు, అది ప్రమాదం.

శ్రీనూ, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తాను. .22లో ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కినా పేలదు. రిమ్‌లో (షెల్ అడుగు అంచులో) ప్రైమర్ మందు సరిగా పరుచుకోకపోతే అలా అవుతుంది. వెంటనే బోల్ట్ లాగకు. రైఫిల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. చప్పుడు 'ఫుస్' మని తేడాగా వస్తే అసలు రెండోది కాల్చకు. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి, బ్యారెల్ చూపించుకుని, అప్పుడే మళ్లీ.

చికాగో_చారి
స్కోప్ గురించి: 50-70 డాలర్లలో వచ్చేవి చాలు, కానీ డబ్బా మీద 'రిమ్‌ఫైర్' అని ఉన్నది తీసుకోండి. వాటికి ప్యారలాక్స్ 50 గజాల దగ్గర సెట్ చేసి ఉంటుంది. పెద్ద రైఫిళ్ల స్కోప్‌కి 100 గజాల దగ్గర ఉంటుంది. దాన్ని .22 మీద పెట్టి 25 గజాల్లో కాలిస్తే, కన్ను కాస్త పక్కకి జరిగితే చాలు, గురి గుర్తు టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది.

ఎన్‌సీసీ_సునీత
మొదట స్కోప్ లేకుండా, దాంతో వచ్చిన సైట్లతోనే కాల్చండి కొన్నాళ్లు.

ఫ్రిస్కో_శ్రీను
సరే, నిర్ణయం ఇది: 10/22 మామూలు మోడల్, ఇనప పెట్టె, మఫ్‌లు, కళ్లద్దాలు. స్కోప్ తర్వాత, సునీత గారి మాట ప్రకారం. ఏఆర్ ఇప్పటికి వద్దు. సారీ కడప బ్రదర్. బుల్లెట్లు ఏవి తేవాలి? 500 డబ్బా చవగ్గా కనిపిస్తోంది.

కడప_కుర్రోడు
సారీ ఎందుకబ్బా. డల్లాస్ వచ్చినపుడు నాది కాల్చి చూద్దువు, బుల్లెట్లు నావే.

ప్లేనో_పెద్దాయన
500 డబ్బా ఇప్పుడే కొనకు. .22 రైఫిళ్లకి ఒక్కోదానికి ఒక్కో రుచి. ఒకే మోడల్, ఒకే రోజు తయారైనవి రెండు తీసుకున్నా ఒకదానికి పడ్డది ఇంకోదానికి పడదు. మూడు నాలుగు రకాలు చిన్న డబ్బాలు తెచ్చుకో. అందులో సీసీఐ మినీ మ్యాగ్ ఒకటి ఉండనీ, 40 గ్రెయిన్ల బుల్లెట్, సెమీ ఆటోలో ఇరుక్కోకుండా నడుస్తుంది. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ ఇంకోటి, కాస్త నెమ్మది, సెకనుకి 1,070 అడుగులు, కాగితం మీద గుంపు బాగా వస్తుంది. మిగతావి నీ ఇష్టం. ఏది చక్కగా నడిచి దగ్గరదగ్గరగా పడుతుందో అది రాసుకుని, తర్వాత దాన్నే పెద్ద డబ్బా తెచ్చుకో. 50 గజాలకి జీరో చేసుకుంటే (గురి పెట్టిన చోటే పడేలా సరిచేసుకుంటే) 25 దగ్గర కూడా దాదాపు అక్కడే పడుతుంది.

పాలమూరు_పోరడు
అన్నా ఒకటి అడుగుత. మా తమ్ముడు హైదరాబాద్‌ల ఉంటడు, ఆనికి గూడ షూటింగ్ పిచ్చి. అక్కడ గిట్ల కొనొచ్చా?

న్యూజెర్సీ_నాని
ఇలాంటి సెమీ ఆటో అక్కడ మామూలు జనం కొనేది కాదు, ఆయుధ చట్టం కిందకి వస్తుంది. మీ తమ్ముడికి ఎయిర్ రైఫిల్ దారి మంచిది. .177 క్యాలిబర్, 20 జూళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ దాంతోనే. 2012 లండన్‌లో గగన్ నారంగ్ కంచు పతకం కొట్టింది అందులోనే, ఆయన హైదరాబాదే కదా. ఆయన పెట్టిన 'గన్ ఫర్ గ్లోరీ' అకాడమీలో అడగమను.

పాలమూరు_పోరడు
సూపర్ అన్నా. నేను వీసా మారేదాంక ఆగుత, ఆడు అక్కడ మొదలువెడ్తడు.

న్యూజెర్సీ_నాని
శ్రీను గారూ, ఇండియా మాట వచ్చింది కాబట్టి మీకూ ఒకటి. రేంజ్‌కి వాడే బ్యాగు రేంజ్‌కే. దాన్ని ఎప్పుడూ ప్రయాణాలకి వాడకండి. జేబులో, బ్యాగు అడుగున ఒక్క .22 రౌండ్ ఉండిపోయినా శంషాబాద్‌లో స్కానర్ పట్టేస్తుంది. అక్కడ ఆయుధ చట్టం కింద కేసు, పాస్‌పోర్టు చిక్కు, సెలవులన్నీ పోలీస్ స్టేషన్, కోర్టు. ఇలాంటి వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆ బ్యాగు రంగు కూడా సూట్‌కేసులకి కలవనిది కొనండి.

ఫ్రిస్కో_శ్రీను
నారింజ రంగు ఉంది, అదే తీసుకుంటా. పెట్టె ఇవాళ ఆర్డర్ పెట్టాను, గోడకి బిగించాక షాపుకి వెళ్తాను. పెద్దాయనా, యాపిల్‌సీడ్‌కి పిల్లాణ్ని తీసుకురావచ్చా?

ప్లేనో_పెద్దాయన
రావచ్చు, చిన్నపిల్లలు చాలామంది వస్తారు, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ముందు నువ్వొక్కడివి వచ్చి చూడు. పడుకోవడానికి చాప, మోచేతులకి ప్యాడ్లు, నీళ్లు తెచ్చుకో. జూన్, జులైల్లో రాకు, టెక్సాస్ ఎండకి నేల కాలిపోతుంది. అక్టోబరులో పేరు ఇచ్చుకో.

ఎన్‌సీసీ_సునీత
వెళ్లొచ్చాక మీ మొదటి టార్గెట్ ఫోటో ఇక్కడ పెట్టండి. పది రౌండ్లు ఎన్ని అంగుళాల్లో పడ్డాయో స్కేలు పక్కన పెట్టి తీయాలి.